నస్కల్ మట్టిలో దొరికిన పన్ను

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శిగారు రెండుసార్లు ఫోను చేశారు. కరువు భత్యం బకాయిల గురించి వ్రాసేవారు ఉన్నారు. కాశీయాత్ర గురించి వ్రాసేవారు ఉన్నారు. మోకాళ్ల నొప్పులకు చిట్కాలు వ్రాసేవారికి మనలో ఎన్నడూ కొదవ లేదు. నేను ఒక జంతువును గురించి వ్రాద్దామనుకున్నాను. అది చుంచెలుకంత ఉండేది. అది బతికిన కాలం గడిచి సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాలయింది. సంగారెడ్డి నుంచి సదాశివపేట, మోమిన్‌పేటల మీదుగా వికారాబాద్ దాటి పరిగి దారి పడితే రెండు గంటల లోపే దాని స్వగ్రామం చేరవచ్చు.

నాకు ఈ శాస్త్రంలో డిగ్రీ లేదు. రెవెన్యూ శాఖలో 1974లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. (ప్రమోషన్ల కథ వేరే సంచికకు పనికివస్తుంది.) ఈ జంతువు జోలికి నేను పోలేదు. నా టేబుల్ మీది రాయి ఒకటి నన్ను దాని దగ్గరకు తీసుకుపోయింది.

నేను మొదట పనిచేసిన తాలూకా ఆఫీసులో, పేరు అక్కరలేదు, నన్ను ఎరిగినవారికి తెలుసు, ఒక వృద్ధ గిర్దావర్ ఉండేవారు. నిజాం జమానాలో నౌకరీలో చేరిన మనిషి. అందరం గిర్దావర్ సాబ్ అనేవాళ్లం. ఉర్దూలో తప్ప వ్రాసేవారు కాదు. ఖాస్రా పహాణీ నాటి పొలాల గట్లన్నీ ఆయన నోటిమీద ఉండేవి. రిటైరయ్యే రోజున తన బీరువాలోంచి పిడికిలికి కాస్త పెద్దదైన బూడిదరంగు రాయి తీసి నా చేతిలో పెట్టారు. రాతి నిండా బఠాణీ గింజల్లాంటి నత్తగుల్లలు, రాతిలో కలిసిపోయి రాళ్లయినవి. ట్వయిన్ దారంతో ఒక చీటీ కట్టి ఉంది. చీటీ మీద ఊరు, సర్వే నంబరు, తారీఖు ఉర్దూలో వ్రాసి ఉన్నాయి. నాకు ఉర్దూ మాట వచ్చు, వ్రాత రాదు. ఆయనే చదివి వినిపించారు. "చీటీతో సహా జాగ్రత్తగా పెట్టు బేటా" అన్నారు.

నేను రాయిని జాగ్రత్తగానే పెట్టాను. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా దాన్ని మించిన బరువు మా ఆఫీసులో లేదు. చీటీ దారం మాత్రం ఒకటి రెండేళ్లలో పుచ్చిపోయింది. చీటీని సొరుగులో పడేశాను. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఆఫీసులు మారాయి, మిసళ్లు లారీలకెక్కాయి. సొరుగులోని చిత్తు కాగితాలన్నీ నా చేతులతోనే ఆవరణలో పోసి అటెండరు చేత నిప్పు పెట్టించాను. ఆ చీటీ అందులోనే పోయింది. ఊరి పేరు అప్పటికే మరిచిపోయాను.

2008లో నేను రిటైరైన రోజున రాయి నాతోపాటు ఇంటికి వచ్చింది. స్టాకు రిజిస్టరులో లేని వస్తువు కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. 2016లో మా మనవరాలు డిగ్రీలో చేరింది. ఆమెకు భూగర్భశాస్త్రం చెప్పే అధ్యాపకుడు ఒకసారి మా ఇంటికి వచ్చి, టీపాయి మీది రాయిని చూసి టీ కప్పు పక్కన పెట్టేశాడు. "సార్, ఇది లావా పొరల నడుమ మట్టి. ఎక్కడ దొరికింది?" అని అడిగాడు. తెలియదన్నాను. ఆ కుర్రవాడు రాయిని అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా పెట్టేసి, "ఊరు తెలియకపోతే ఏమీ చేయలేం సార్, అందమైన రాయి" అన్నాడు.

ముప్పై నాలుగేళ్లు నేను ప్రజలకు చెప్పిన మాటే అది. "సర్వే నంబరు లేదా? అయితే ఏమీ చేయలేం." అదే మాట నాకు తిరిగి వినిపించేసరికి రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తరువాతే ఈ విషయాలు చదవడం మొదలుపెట్టాను. మనవరాలు పుస్తకాలు తెచ్చి పెట్టింది, అర్థం కాని చోట చెప్పింది.

ముందుగా మన కాళ్లకింది నేల సంగతి. పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతంలో పుట్టినవారికి రెండు రకాల మట్టి తెలుసు. ఒకటి ఎర్రచెల్క, రెండవది నల్లరేగడి. 1972లో ఇక్రిశాట్ సంస్థను పటాన్‌చెరు దగ్గర పెట్టడానికి ఒక కారణం ఈ రెండు నేలలూ ఒకే కంచె లోపల దొరకడమే. ఎర్రమట్టి గ్రానైటు రాయి చివికి ఏర్పడింది. హైదరాబాద్ గుట్టల్లో కనిపించే ఆ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. నల్లరేగడి కథ అంత పాతది కాదు. పడమరగా సదాశివపేట, జహీరాబాద్, వికారాబాద్ వైపు పోయిన కొద్దీ గ్రానైటు మీద నల్లరాయి కప్పు మొదలవుతుంది. అది భూమిలోని పగుళ్ల నుంచి పొంగి పారిన లావా. మహారాష్ట్రలో ఎక్కువ భాగం, గుజరాత్, మధ్యప్రదేశ్‌లలో చాలా భాగం, మన పడమటి అంచు ఆ లావా కిందనే ఉన్నాయి. ఇప్పుడు మిగిలినదే దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. శాస్త్రజ్ఞులు దీన్ని దక్కను ట్రాప్ అంటారు. మెట్లుమెట్లుగా కనిపిస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. అనంతగిరి గుట్టలెక్కినవారు ఆ మెట్ల అంచు మీద నిలబడినట్లే.

ఆ లావా అంతా ఒకేసారి రాలేదు. ఒక పొంగు వచ్చి చల్లారేది. ఆ పైన వేల సంవత్సరాలు ఏమీ జరిగేది కాదు. వానలు పడేవి, గుంటల్లో నీరు నిలిచి చెరువులయ్యేవి, చెట్లు మొలిచేవి, నత్తలు, చేపలు, కప్పలు వచ్చి చేరేవి. మళ్లీ పొంగు వచ్చి అన్నిటినీ కప్పేసేది. అలా రెండు నల్లరాతి పొరల నడుమ ఇరుక్కుపోయిన చెరువు మట్టినే ఇంటర్‌ట్రాపియన్ పొర అంటారు. కొన్నిచోట్ల మనిషి ఎత్తు కూడా ఉండదు. గిర్దావర్ సాబ్ ఇచ్చిన రాయి అలాంటి ఒక చెరువు అడుగు.

ఈ మట్టిని గమనించినవారు కొత్తవారేమీ కాదు. 1830లలోనే మాల్కమ్‌సన్ అనే మద్రాసు సైన్యపు వైద్యుడు హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే దారిలో, నిర్మల్ వైపు గుట్టల్లో ఈ నత్తగుల్లలను చూసి వాటి గురించి వ్రాశాడు. తరువాత నాగపూర్‌లో స్టీఫెన్ హిస్లాప్ అనే స్కాట్లండు మిషనరీ వచ్చాడు. బడి నడిపాడు, గోండుల భాషనూ పాటలనూ సేకరించాడు, తీరిక సమయంలో రాళ్లు పగలగొట్టాడు. లావా పొరల నడుమ మట్టిలోని గుల్లలనూ గింజలనూ ఓపికగా ఏరి పేర్లతో సహా నమోదు చేసినవారిలో ఆయన ముఖ్యుడు. 1863లో టాకల్‌ఘాట్ దగ్గర పాత రాతి వలయాలు చూసి గుర్రం మీద తిరిగి వస్తూ చీకట్లో వాగులో మునిగి చనిపోయాడు. ఈయన పేరు మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

చేపలు, నత్తలు, మొక్కలు దొరికాయి సరే. పాలిచ్చే జంతువు మాత్రం ఈ మట్టిలో ఒక్కటీ దొరకలేదు. నూట యాభై సంవత్సరాలు వెతికినా దొరకలేదు. కారణం జంతువు లేకపోవడం కాదు. వెతికేవారు కంటితో వెతికారు, జంతువేమో కంటికి ఆనే పరిమాణంలో లేదు.

జల్లెడ పట్టడం మొదలయ్యాక పరిస్థితి మారింది. ఆ పని ఎలా చేస్తారో చదివితే మన ఇళ్లలో ఆడవారు బియ్యంలో రాళ్లు ఏరడం గుర్తుకొచ్చింది. మట్టిని బస్తాలకెత్తి తెచ్చి ఎండబెడతారు. గట్టిబంక అయితే కిరసనాయిలులో నానబెట్టి, దాన్ని వంపేసి నీళ్లు పోస్తే పెళ్లలు వాటంతట అవే విచ్చుకుంటాయి. సన్నని జల్లెళ్లలో కడుగుతారు. బస్తా మట్టి పోగా పిడికెడు నూక మిగులుతుంది. ఆ నూకను సూక్ష్మదర్శిని కింద పరిచి, తడి కుంచె మొనతో గింజ గింజా ఏరుతారు. రోజుల తరబడి ఏమీ దొరకకపోవచ్చు.

అలా నస్కల్ మట్టిని కడిగితే పళ్లు దొరికాయి. ఒక్కొక్కటీ ఆవగింజంత. రెండు మిల్లీమీటర్లకు మించనివి. గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1988లో నేచర్ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. భారతదేశంలో క్రెటేషియస్ కాలానికి, అనగా డైనోసార్ల చివరి కాలానికి, చెందిన క్షీరదం దొరకడం అదే మొదటిసారి. దానికి డెక్కనోలెస్టిస్ హిస్లోపి అని పేరు పెట్టారు. లెస్టిస్ అంటే గ్రీకు భాషలో దొంగ. దక్కను దొంగ అన్నమాట. హిస్లోపి అన్నది వాగులో మునిగిపోయిన ఆ హిస్లాప్ పేరు. ఆయన పోయిన నూట పాతికేళ్లకు, ఆయన ఏరిన రకం మట్టిలోనే ఆయన చూడలేకపోయిన జంతువుకు ఆయన పేరు పెట్టారు.

1988లో నేను ఉద్యోగంలోనే ఉన్నాను. ఇంత దగ్గర ఊరి పేరు ప్రపంచ ప్రసిద్ధమైన పత్రికలో అచ్చయిందని మా ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. ఆ రోజు కూడా నా టేబుల్ మీద ఆ రాయి ఉండే ఉంటుంది, దాని కింద ఎవరి శిస్తు బకాయి జాబితానో.

పన్ను ఒక్కటి చూసి జంతువును ఎలా గుర్తిస్తారని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. మన రికార్డు రూములో ఆర్.డిస్. అని వ్రాసిన మిసలు శాశ్వతం, డి.డిస్. పదేళ్లు, ఎల్.డిస్. కొద్దికాలం ఉంచి తగలబెట్టేది. శరీరంలోనూ అంతే. మాంసం, చర్మం, వెంట్రుక ఎల్.డిస్. సన్నని ఎముకలు డి.డిస్. పంటి పైనుండే పింగాణీ పూత ఆర్.డిస్. శరీరంలో దాన్ని మించిన గట్టి పదార్థం లేదు. పైగా క్షీరదాల దవడ పళ్ల మీద మెరకలు, పల్లాలు, వాటి మధ్య గాళ్లు ఒక్కొక్క జాతికి ఒక్కొక్క తీరుగా ఉంటాయి. వేలిముద్ర అనుకోండి. పై పన్ను మెరక కింది పన్ను పల్లంలో సరిగ్గా కూర్చునే తీరును బట్టి ఇది పురుగులను కొరికి నమిలేదని చెప్పగలిగారు.

1994లో ఇంకొక మంచి ఆధారం ప్రకటించారు. ఈసారి పన్ను కాదు, చీలమండ ఎముకలు. మార్క్ గోడినో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, ప్రసాద్ కలిసి వాటిని పరిశీలించి, ఈ పాదం అటూ ఇటూ బాగా తిరిగేదని, కొమ్మలు పట్టుకుని ఎక్కే జంతువుకే అలాంటి కీలు ఉంటుందని చెప్పారు. తరువాత దొరికిన చేతి ఎముకలు కూడా అదే సాక్ష్యం చెప్పాయి. అంటే మన దక్కను దొంగ చెట్ల మీద తిరిగేది. దాన్ని ఎలుక అనవద్దు. ఎలుకలు అప్పటికి పుట్టనేలేదు. చుంచు మూతి, ఉడుత నడక కలిపి ఊహించుకుంటే కొంత దగ్గర పడుతుందేమో. అదే 1994లో కాస్త పెద్ద పళ్లున్న దాని దాయాదికి డెక్కనోలెస్టిస్ రోబస్టస్ అని పేరు పెట్టారు. అదీ నస్కల్‌దే.

ఇక్కడ ఒక దురభిప్రాయం తొలగించాలి. డైనోసార్లు పోయాక క్షీరదాలు పుట్టాయని మన పిల్లలు అనుకుంటారు, మనమూ అలాగే అనుకున్నాం. హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్సు మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం చూసే ఉంటారు. మనవలను తీసుకుపోని పెన్షనరు ఉంటాడనుకోను. ప్రాణహిత, గోదావరి లోయలో కోట పొరలనేవి ఉన్నాయి. ఆ మహాకాయం దొరికింది ఆ పొరల్లోనే. ఆ పొరల్లోనే చిట్టి క్షీరదాల పళ్లు కూడా దొరికాయి. 1981లో పి.ఎం. దత్తా ప్రకటించిన కోటథీరియం వాటిలో మొదటిది. శాస్త్రజ్ఞుడు హాల్డేన్ పేరు దానికి జోడించారు. ఆ తరువాత జియలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి మరికొన్నిటిని వెలికి తీశారు. 2002లో అక్కడి ఒక జంతువుకు పైకసిగూడెం ఊరి పేరూ యాదగిరి పేరూ కలిపి పైకసిగుడోడాన్ యాదగిరి అని నామకరణం చేశారు. ఇవన్నీ నస్కల్ జంతువు కంటే దాదాపు పది కోట్ల ఏళ్లు పాతవి. డైనోసారు బతికిన కాలమంతా దాని కాళ్ల దగ్గరే, చీకట్లో, ఆకుల చాటున మన తరఫు బంధువులు తిరుగుతూనే ఉన్నారు.

మ్యూజియంలో పిల్లలు కోటసారస్ పక్కన నిలబడి ఫోటో దిగుతారు. ఆవగింజ పక్కన నిలబడి ఎవరు దిగుతారు?

నస్కల్ చెరువులో ఇంకా ఎవరెవరు ఉండేవారంటే, చేపలు, కప్పలు, బల్లి జాతులు, మొసళ్లు. వీటన్నిటి అవశేషాలు అదే మట్టిలో దొరికాయి. సంగారెడ్డివారికి ఒక ముచ్చట చెప్పాలి. మన మంజీరా అభయారణ్యంలో నేటికీ మొసళ్లు ఉన్నాయి. ఆ పాత మొసళ్లకు వీటికి నేరుగా చుట్టరికం ఉందని కాదు, కానీ ఆ కులంవారు ఎవరికీ పదవీ విరమణ వయసు వర్తించినట్లు లేదు.

ఆ చెరువు మీదికి లావా రావడం, ఆ కాలంలోనే మెక్సికో తీరంలో చిక్సులుబ్ దగ్గర పెద్ద ఉల్క పడడం, డైనోసార్లు అంతరించడం, ఇవన్నీ భూమి వయసుతో చూస్తే ఒకే పూటలో జరిగినవి. నస్కల్ మట్టి ఉల్కకు ముందుదా, తరువాతదా అని చాలాకాలం తర్జనభర్జన జరిగింది. 2022లో ప్రకటించిన ఒక పరిశోధనలో అక్కడి లావా పొరల వయసు కొలిచి, అది డైనోసార్ల అంతానికి కాస్త ముందుదేనని తేల్చారు. ఆ కాస్త అన్నది లక్ష సంవత్సరాల లెక్కలో ఉంటుంది. అదే పరిశోధనలో నస్కల్ నుంచి మరో కొత్త క్షీరదానికి ఇండోక్లెమెన్సియా నస్కలెన్సిస్ అని పేరు పెట్టారు. 2003లో మరొక జంతువుకు సాహ్నీథీరియం రంగాపురెన్సిస్ అని పెట్టారు, అది రంగాపూర్ మట్టిలో దొరికింది. బస్సు బోర్డు మీద తప్ప ఎక్కడా కనిపించని ఊళ్ల పేర్లు లాటిన్ భాషలో శాశ్వతంగా నిలిచిపోయాయి.

దీని వంశం మీద మాత్రం తగాదా తెగలేదు. ఆ కాలంలో మన దేశం ద్వీపం. మడగాస్కర్ నుంచి సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట విడిపోయి, ఆసియాను ఇంకా తాకకుండా సముద్రం మధ్య ఉత్తరానికి జరుగుతోంది. మరి ఉత్తరాది ఖండాల్లో ప్రసిద్ధమైన వంశం జంతువు ఈ ద్వీపంలోకి ఎలా వచ్చింది? కొందరు దీన్ని కోతులకు, మనుషులకు మూలమైన శాఖకు దగ్గర అన్నారు. 2011లో అంజలి గోస్వామి, ప్రసాద్ ప్రభృతులు పళ్లనూ ఎముకలనూ మళ్లీ పోల్చి, అంత దగ్గర కాదు, ఇంకా పాత శాఖ అన్నారు. డైనోసార్లు పోయాక ఐరోపాలో, మొరాకోలో బతికిన అడాపిసోరికులిడ్ అనే చిన్న జంతువులకు ఇది పెద్ద తరం బంధువు అని వారి నిర్ణయం. అంటే వలస అటునుంచి ఇటు కాక, ఇటునుంచి అటు కూడా జరిగి ఉండవచ్చు. నాకు ఈ రెండవ మాట నచ్చింది. శాస్త్రం తెలిసి నచ్చలేదు, స్థానికుణ్ణి కనుక నచ్చింది. ఆ సంగతి దాచను.

కిందటి సంవత్సరం మాఘమాసంలో నేను, సర్వే శాఖలో రిటైరైన నా మిత్రుడు, మా మనవరాలు కలిసి నస్కల్ వైపు వెళ్లాం. ఏ పొలంలో మట్టి తీశారో మాకు తెలియదు, అడగడానికి ఎవరూ లేరు, బోర్డు లాంటిదేమీ కనిపించలేదు. పత్తి ఏరిన చేలు, కందికొయ్యలు, దూరంగా క్రషర్ మిషను చప్పుడు. నల్లరాయికి ఇప్పుడు గిరాకీ. హైదరాబాద్ చుట్టూ లేచే ప్రతి అంతస్తుకూ కంకర కావాలి. దారి పక్క ఒక తవ్వకం గోడలో నల్లరాయి నడుమ మూరెడు మందాన బూడిదరంగు చార కనిపించింది. మిత్రుడు చేతికర్రతో చూపించి, "గెట్టు రాయి తీసినట్టు తీస్తున్నరు, మళ్ల ఎట్ల కొలుస్తరు?" అన్నాడు. సర్వేయరు కదా, ఆయన బాధ ఆయనది.

చేనులో ఉన్న రైతు మా దగ్గరకు వచ్చి భూమి కొనడానికి వచ్చామేమోనని ఆరా తీశాడు. కాదని గుల్లల సంగతి అడిగితే నవ్వాడు. "గీ రాళ్లల్ల నత్తగుల్లలు శానా ఉంటయ్ సారూ. మా నాయిన దినాల కెంచి సూస్తున్నం. ఏం పనికొస్తయ్?" మా మనవరాలు అతనికి చెప్పింది, ఇక్కడే ఒకప్పుడు చెరువు ఉండేదని, మొసళ్లుండేవని. అతను కాసేపు చేనువైపు చూసి, "గిప్పుడు బోరు ఆరు నూర్లు ఏసినా నీళ్లు పడ్తలేవు బిడ్డా" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మా సొంత ఊరు గుర్తుకొచ్చింది. మాది పటాన్‌చెరు దగ్గర. చిన్నప్పుడు మాకు ఈత నేర్పింది నక్కవాగు. నక్కలు నీళ్లు తాగే వాగు కనుక ఆ పేరు వచ్చిందని మా నాయనమ్మ అనేది. కొర్రమట్టలు, జెల్లలు, బుడ్డపరకలు పట్టేవాళ్లం. వానకాలం రాత్రి కప్పల అరుపులకు మాట వినిపించేది కాదు. 1970ల నుంచి ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటితో జీతాలూ వచ్చాయి, మా తమ్ముడి సంసారం దానితోనే నడిచింది కనుక వట్టి నిందలు వేయను. 1980లు వచ్చేసరికి వాగు నీటి రంగు పూటకొక తీరుగా మారేది. 1990లో సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రైతులకు నష్టపరిహారం లెక్కలు తయారయ్యాయి. నేను చూసిన జాబితాల్లో భూమికి కాలమ్ ఉంది, పంటకు కాలమ్ ఉంది, పశువులకు కాలమ్ ఉంది. వాగులో ఏ చేప ఉండేది, ఏ కప్ప అరిచేది అన్నదానికి కాలమ్ లేదు. ఆ జాబితాల్లో కొన్ని నేనే కార్బన్ పెట్టి వ్రాశాను. ఇంకొక కాలమ్ గీద్దామని నాకూ తోచలేదు.

నస్కల్ పళ్లు ఇప్పుడు ఆ ఊళ్లో లేవు. జమ్మూ విశ్వవిద్యాలయం ప్రయోగశాల నంబర్లు వేసుకుని భద్రంగా ఉన్నాయి. ఆ నంబరులో మొదట ప్రయోగశాల పేరు, తరువాత విశ్వవిద్యాలయం పేరు, తరువాత నస్కల్‌ను సూచించే అక్షరాలు, చివర వరుస సంఖ్య. మన కరెంటు రిజిస్టరులో నంబరు వేసినట్లే. ఎవరో ఒకరు తడి కుంచెతో ఆ ఆవగింజను గాజు గొట్టంలో వేసి, ఆ చీటీ వ్రాసి అంటించారు. ఆ ఒక్క పని ఆ రోజు చేయకపోతే 6 కోట్ల 60 లక్షల ఏళ్లు ఆగి వచ్చిన ఆ పన్ను నా టీపాయి మీది రాయి లాంటిదే అయ్యేది.

మనం ఏటా బతికున్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. నా సర్వీసు రిజిస్టరులో రెండేళ్ల నమోదు ఉన్న కాగితం ఒకటి ఎక్కడో జారిపోయి, పెన్షన్ ఖాయం కావడానికి పద్నాలుగు నెలలు తిరిగాను. ఆ రెండేళ్లు నేను కూర్చున్న కుర్చీ ఉంది, నా సంతకాలున్న మిసళ్లు ఉన్నాయి, కాని నేను లేను. అప్పుడు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు గిర్దావర్ సాబ్ చీటీ తలుచుకుంటే ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియడం లేదు.

నస్కల్ నుంచి వచ్చిన రాత్రి రాయికి కొత్త చీటీ వ్రాసి కట్టాను. ఈసారి నైలాన్ దారం వాడాను. మనవరాలు చెప్పిన పద్ధతిలోనే వ్రాశాను. వస్తువు: నత్తగుల్లలున్న రాయి. స్థలం: తెలియదు. సేకరించినవారు: గిర్దావర్ సాబ్. చీటీ పోగొట్టినవారు: అని వ్రాసి నా పేరు వేశాను. తారీఖు వేశాను.

మిత్రులకు ఒక మనవి. 1970లలో నాతో ఆ తాలూకా ఆఫీసులో పనిచేసినవారిలో కొందరైనా ఈ సంచిక చదువుతారు. గిర్దావర్ సాబ్ ఆ చీటీ చదివినప్పుడు ఆ గదిలో నేనొక్కణ్ణే లేను. జమాబందీ రోజులు, అందరూ కూర్చుని ఉన్నారు. ఊరి పేరు ఎవరికైనా గుర్తుంటే, సగమే గుర్తున్నా సరే, కార్యదర్శిగారికి ఫోను చేసి చెప్పండి. చీటీలో ఆ చోట ఖాళీ ఉంచాను.